కాసులపేరు కూర్చుకొను తీరు

శ్రావణమాసము సమీపించుచున్నదనగానే నాకు తప్పక వచ్చు ప్రశ్న యొకటి కలదు. "ఈ యేడు వరలక్ష్మికి రూపు కొనవలెనా, కాసు కొనవలెనా? ఎంత తూకముది కొనవలెను? ఎన్ని కూడిన పిమ్మట పేరుగా గ్రుచ్చవలెను?" అని మా కొండపల్లి వనితలే కాక, మైలవరము, నందిగామ, బెజవాడ ప్రాంతముల సోదరీమణులు కూడ అడుగుచుందురు. బంగారు నాణెములు ప్రోగుచేయుట ధనవంతుల వినోదమని కొందరి యభిప్రాయము. అది సరికాదు. ఏటేట ఒక్కొక్క కాసు కొని, కలశము ముందుంచి, పసుపుకుంకుమలతో పూజించి, మరునాడు పెట్టెలో దాచుకొను ప్రతి గృహిణియు నాణెములు ప్రోగుచేయునదే. అయితే ఏ యుద్దేశముతో కూర్చుచున్నదో ఆమె యెన్నడును నిర్ణయించుకొనదు. నష్టమంతయు అచ్చటనే యున్నది.

బంగారు నాణెమును మూడు కోరికలతో కొనవచ్చును. ఆపదలో అక్కరకు వచ్చు తూకముగా కొనుట ఒకటి. పూర్వపు రాజుల చరిత్ర తెలిసికొనుటకై పాతనాణెములు సేకరించుట రెండవది. మెడలో వేసికొని పేరంటమునకు పోవుటకు కొనుట మూడవది. మూడింటిలో ఏదియు తప్పు కాదు. కాని మూడు పనులను ఒక్క నాణెముతో చేయింపబూనుటచేతనే మన యిండ్లలో చిక్కులు వచ్చుచున్నవి. తూకమునకై కొన్నదానికి కొక్కెము అతికించినచో అమ్మునాడు తరుగు తీయుదురు. చరిత్రకై కొన్నదానిని కరిగించినచో చరిత్ర పోయి లోహము మాత్రమే మిగులును. అలంకారమునకై కొన్నదానిని తాకట్టునకు తీసికొనిపోయినచో పతకములోని లక్క బయటపడును.

నేను వదినా యని పిలుచు పొరుగావిడ యొకతె కడచిన వేసవిలో తన అత్తగారి కాసులపేరు తీసికొని మా యింటికి వచ్చినది. వారిది మా యూరి పొణికి బొమ్మలు చేయు కుటుంబము. కూతునకు బెజవాడలో కళాశాల రుసుము కట్టవలసియున్నది. "వదినా! దీనిని కరిగించి సగము ఫీజునకు వాడి, మిగిలిన సగమునకు గట్టి నాణెములు కొందమని మీ అన్నయ్య అనుచున్నారు. కంసాలి తూకము వేసి ధర చెప్పినాడు. ఇచ్చివేయవచ్చునా?" అని యడిగినది. తెల్లని గుడ్డ పరచి ఒక్కొక్క కాసును విడివిడిగా చూచితిమి. మొత్తము 41. వానిలో 36 పలుచని రేకుపై లక్ష్మీదేవి బొమ్మ నచ్చుగ్రుద్దినవి. నాలుగు సవరనులు; మూడింటిపై 1911, 1912 సంవత్సరములు, ఒకదానిపై 1918. మిగిలిన ఒక్కటి తక్కినవానికంటె చిన్నది, కాని మందముగా నున్నది. ఒకవైపు ప్రక్కప్రక్కన కూర్చున్న దేవతాదంపతులు, రెండవవైపు మూడు వరుసలుగా నాగరలిపి. మా వారు భూతద్దము పెట్టి 'శ్రీ ప్రతాప' అని చదువగలిగినారు. తరువాతి యక్షరములు అరిగిపోయినవి. అది విజయనగర ప్రభువుల వరహా. కంసాలి తప్పేమియు చేయలేదు. అతని త్రాసునకు లక్ష్మీకాసును, రాయల వరహాయు ఒక్కటే బంగారము. బేధము తెలిసికొనవలసినది మనము.

ఇట్లు నాణెమును కంఠాభరణము చేసికొనుట మన దేశమున నిన్న మొన్నటి సంగతి కాదు. వినుకొండవద్ద 1889లో రోము చక్రవర్తుల బంగారు నాణెములు దొరికినవి. ఆ కాలమున మన మిరియములకును, సన్నని వస్త్రములకును బదులుగా రోమునుండి బంగారము ఓడలలో వచ్చెడిది. మన దేశమున దొరికిన అట్టి రోము నాణెములలో అనేకము అంచున రంధ్రము పొడిచినవి, లేక కొక్కెము అతికినవి. అనగా రెండువేల సంవత్సరములనాడే మన అవ్వలు పరదేశపు రాజు తలను మెడలో వ్రేలాడదీసికొన్నారన్నమాట! సవరనుపై జార్జిరాజు తలను ధరించిన మన అమ్మమ్మలు కొత్తగా చేసినదేమియు లేదు.

వరహా యను పేరు వరాహమునుండి వచ్చినది. చాళుక్యుల లాంఛనము ఆదివరాహము. మా యూరి దశావతారముల బొమ్మలలో మూడవదైన ఆ మూర్తినే వేంగీ చాళుక్యులు తమ బంగారు నాణెముల నడుమ ముద్రించి, చుట్టును అక్షరములు వేరువేరుగా గ్రుద్దించిరి. నన్నయభట్టారకునిచే భారతము తెలిగింపజేసిన రాజరాజనరేంద్రుని నాణెములు, అతని పెదతండ్రి శక్తివర్మ నాణెములు వెడల్పుగా, పలుచగా నుండును. విచిత్రమేమనగా అవి మన గోదావరీతీరముననే కాక, సముద్రమునకు ఆవల అరకాను, సయాము దేశములలో కూడ దొరికినవి. ఆదిపర్వము చదువుకొన్న వారికి ఆ నాణెపు చిత్రము చూచినచో ఒడలు పులకరించును. శ్రీనాథునకు విజయనగరమున టంకములతో కనకాభిషేకము జరిగెనని లోకము చెప్పుకొను కథలోని 'దీనారము' అను మాట కూడ రోమువారిదే. నాణెముతోపాటు మాటయు ఓడ యెక్కి వచ్చినది.

విజయనగర వరహా తూకము సుమారు 3.4 గ్రాములు. దానిలో సగము మాడ. కృష్ణదేవరాయలు ఉదయగిరి జయించి అచ్చటి బాలకృష్ణ విగ్రహమును రాజధానికి తెచ్చి 1515లో ప్రతిష్ఠించెను; ఆయన వరహాలపై కూర్చున్న బాలకృష్ణుడు కనబడును. ఆ యేడే కొండవీడును, ఆ వెనుక మా కొండపల్లి దుర్గమును ఆయన వశమైనవి. తరువాత ఈ కోట గోలకొండవారి చేతికి, మొగలుల చేతికి పోయి, 1766లో ఇంగ్లీషువారి పాలయ్యెను. చెన్నపట్టణమున కుంఫిణీవారు కూడ వరహాలనే కొట్టించిరి. వానిలో ఒక రకముపై ముగ్గురు దేవతామూర్తు లుండుటచే 'మూడు స్వాముల వరహా' అని పేరు వచ్చినది. మన దేవుళ్ల బొమ్మలు వేయనిదే మన సంతలో తమ నాణెము చెల్లదని వారికి తెలిసినది. 1818లో కుంఫిణీవారు చెన్నరాజధానిలో వరహాను తొలగించి రూపాయిని స్థిరపరచిరి. ఒక వరహాకు మూడున్నర రూపాయలు.

ఇచ్చట 'కాసు' అను మాటనుగూర్చి ఒకమాట చెప్పక ఉండలేను. ఆ పాత లెక్కలో వరహాకు 42 ఫణములు, ఫణమునకు 80 కాసులు. అనగా ఒక్క వరహాకు 3,360 రాగికాసులు. కాసు అంత అల్పమైనది! 'చేత కాసు లేదు' అనుటలో ఆ రాగికాసే యున్నది. అదే మాట నేడు ఎనిమిది గ్రాముల బంగారమునకు పేరై, రెండు వరహాలకంటె బరువైనది. మనుష్యులకువలెనే మాటలకును దశ తిరుగుచుండును గాబోలు.

కాసును ఎనిమిది గ్రాములుగా లెక్కించుట సవరనునుబట్టి వచ్చినది. సరిగా చెప్పవలెనన్న సవరను తూకము 7.988 గ్రాములు, వన్నె 22 కారట్లు, దానిలోని మేలిమి 7.322 గ్రాములు. మన పెద్దలు పుటము పెట్టిన బంగారమును పదహారు వన్నెలుగా లెక్కించెడివారు. ఆ లెక్కన సవరను పదునాలుగున్నర వన్నెలకు కొంచెము పైమాట. వదిన పేరులోని 1918 నాటి సవరనుపై సంవత్సరపు అంకెలకు పైన చిన్న ఇంగ్లీషు అక్షరము, ఇండియాకు గుర్తైన 'ఐ', కనబడినది. మొదటి ప్రపంచయుద్ధమున సముద్రములపై బంగారము పంపుట ప్రమాదమగుటచే, ఆ యేట బొంబాయిలో లండను టంకశాలకు శాఖ తెరచిరి. అది 1919లో మూతపడినది. అచ్చట కొట్టిన సవరనులు సుమారు 13 లక్షలు. అన్నిటిపైనను 1918 అనియే యుండును. సవరను ముద్రలు సిద్ధము కాకమునుపు అదే తూకమున 15 రూపాయల మొహరును కూడ ఆ యేట బొంబాయిలో కొట్టిరి. మన పొరుగున నిజామువారి అష్రఫీ యుండెడిది. దానిపై చార్మినారు ముద్ర, తూకము 11 గ్రాములకు పైన.

ఇంతవరకు చరిత్ర. ఇది చదివి, "అయితే మేమును రాయల వరహాలు కొందుము" అని ఎవరైన ఉత్సాహపడుదురేమో. వారిని నేను కొంచెము వెనుకకు లాగుదును. పాతనాణెము ధరలో బంగారము ఒక పాలు, అరుదుదనము ఒక పాలు, అమ్మువాని నోటిమాట ఒక పాలు. మొదటిది మాత్రమే మన త్రాసునకు అందును. తక్కినవి తెలియవలెనన్న సంవత్సరముల తరబడి చూచిన కన్నులు కావలెను. ఆ కన్నులు కొనుటకు ముందు వచ్చుట మంచిది గాని, కొన్న తరువాత కాదు. బెజవాడ బాపు మ్యూజియములో పాతనాణెములు కలవు. 1887లో విక్టోరియారాణి జూబిలీకి పునాది వేసిన భవనమది. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు జెండా చూపిన చోటు. పిల్లలను తీసికొని రెండుమూడు మారులు పోయి చూడుడు. ఖర్చు స్వల్పము, ఆనందము మెండు. అప్పటికిని కోరిక తీరకున్నచో, ఒక్క దారము పట్టుకొని కూర్చుడు: ఒకే రాజవంశమో, ఒకే దేవతామూర్తియో, మన తెలుగు లిపి గల కుంఫిణీ నాణెములో. దొరికినదెల్ల కొన్నవారి పెట్టె సంతబుట్ట యగును.

'లంకెబిందెలలో దొరికినవి' అని సంచి విప్పువానిని గుమ్మము ఎక్కనీయవలదు. వాడు ముందుగా ఒక నిజమైన నాణెమిచ్చి పరీక్ష చేయించుకొనుమనును. కంసాలి గీటురాయిపై గీసి మంచిదనును. తరువాత ఇచ్చు సంచెడును ఇత్తడి. మన చిలకలపూడి పనివారు రేకుబంగారపు నగలు చేసి, అది రేకుబంగారమనియే చెప్పి అమ్ముదురు. వారి నేర్పునకు నమస్కరింపవచ్చును. ఇత్తడిని నిధి యని అమ్మువానికి ఆ నీతి లేదు. ఒకవేళ నిజముగనే నిధి దొరికినదనుకొన్నను అది దొరికినవాని సొత్తు కాదు. 1878 నాటి నిధుల చట్టము ప్రకారము, 10 రూపాయల విలువకు మించి భూమిలో దొరికినదానిని కలెక్టరుగారికి తెలియజేయవలెను. తెలుపక అమ్మినవాడును చిక్కులలో పడును, కొన్నవారును పడుదురు.

ఇక మనవంటి గృహిణులకు తగిన మార్గము తూకపు మార్గమే యని నా నమ్మకము. దీనికి కావలసిన లెక్క యొక్కటే: ఇచ్చు ధరలో మేలిమికి ఎంత, తక్కినదానికి ఎంత? లెక్క సులువగుటకు మేలిమి గ్రాము 10,000 రూపాయలనుకొందము. 22 కారట్ల ఎనిమిది గ్రాముల కాసులో మేలిమి 7.33 గ్రాములు, విలువ సుమారు 73,300. అంగడివాడు 78,000 అడిగినచో పైసొమ్ము 4,700; నూటికి ఆరు రూపాయలకు పైగా. అదే అంగడిలో 24 కారట్ల ఒక్క గ్రాము నాణెము 11,000 అయినచో పైసొమ్ము నూటికి పది. పది గ్రాములది 1,03,000 అయినచో నూటికి మూడే. 2017 జూలైనుండి వచ్చిన జి.ఎస్.టి. విలువపై నూటికి 3 వంతున వీనికి వేరు. అంకెలు నేను కల్పించినవే గాని తీరు మాత్రము నిజము: నాణెము చిన్నదైనకొలది గ్రాము ప్రియమగును. అమ్మునాడు ఆ పైసొమ్మును ఎవరును తిరిగి ఈయరు.

అట్లని పది గ్రాములకు కూడువరకు చేతులు ముడుచుకొని కూర్చుండుమని చెప్పుటలేదు. పెద్ద నాణెమునకు ఒక లోపము కలదు. ఇరువదివేలు కావలసివచ్చినప్పుడు లక్ష రూపాయల నాణెమును చీల్చలేము. ఒక గ్రాముది శ్రావణ శుక్రవారపు ముచ్చటకు చాలును. కూర్పునకు మాత్రము నాలుగైదు గ్రాములవి, ఎనిమిది గ్రాములవి మేలు. ఎనిమిది కూడినపిమ్మట ఒక పది గ్రాములది. మా యింట జీతము నెల మొదట వచ్చును గనుక నేను నెలనెల కొంత పోస్టాఫీసులో వేసి, ఏడాదికి రెండుమారులు కొందును. డెల్టా రైతుల యింటి స్త్రీలు ధాన్యము సొమ్ము వచ్చిన వెంటనే కొనుట వాడుక, అదియు మంచిదే. ధర తగ్గునేమో యని కాచుకొని కూర్చుండుట మాత్రము పనికిరాదు. పది గ్రాముల మేలిమి 2025లో లక్ష రూపాయలు దాటెను. తగ్గిన తరువాత కొందమని అంతకుముందు కాచుకొన్న సోదరీమణులు ఇంకను కాచుకొనియే యున్నారు. ఒకే తేదిన, ఒకే తూకము, ధర ఎంతయైనను కొనుట: ఇంతకు మించిన యుక్తి నాకు తోచదు. అక్షయతృతీయ నాడే కొనవలెనను నియమము మా పెద్దల యింట నేను వినలేదు. అది అంగళ్లవారు నేర్పిన వ్రతము. ఆ రోజు రద్దీలో బేరమాడుటకు వీలుండదు.

24 కారట్లు, 22 కారట్లు అను తగవొకటి కలదు. దాచుటకైనచో 24, అనగా 999 వన్నెది మంచిది. మెత్తనిది గనుక పొట్లము విప్పకుండ ఉంచవలెను. పూజలో తీసి, కడిగి, తుడిచి వాడుకొనునది 22 అయినచో గట్టిగా నుండును. కేంద్రప్రభుత్వమువారు 2015 నవంబరులో ఒకవైపు అశోకచక్రము, రెండవవైపు గాంధీగారి బొమ్మతో 24 కారట్ల నాణెములు వెలువరించిరి. తిరుమల దేవస్థానమువారి శ్రీవారి డాలర్లు భక్తికి కొనుడు, తూకమునకు కాదు. స్వామి బొమ్మను కరిగించుటకు మనకు చేతులు రావు, చేతులు రానిది ఆపదకు పనికిరాదు. ఆభరణములకు హాల్‌మార్కును 2021 జూన్‌నుండి విడతలుగా తప్పనిసరి చేసిరి. 2023 ఏప్రిలునుండి ఆరు అక్షరములు, అంకెలు గల గుర్తు లేనిదే అమ్మరాదు. నాణెము కొనునప్పుడు కూడ వన్నె ముద్రయు, ధ్రువపత్రమును, పొట్లమును అడిగి తీసికొనుడు.

బ్యాంకులో కొన్న నాణెమునకు ఒక చిత్రమైన ఇబ్బంది కలదు. బ్యాంకువారు అమ్ముదురే గాని తిరిగి కొనరు. అంగడిలో కొనునప్పుడు, "దీనినే మరల తెచ్చినచో ఏ లెక్కన తీసికొందురు? సొమ్మిత్తురా, నగయే తీసికొనవలెనా?" అని ముందుగా అడిగి, ఆ మాటను రసీదుపై వ్రాయించుకొనవలెను. పదునొకండు నెలలు కట్టి పండ్రెండవ నెల నగ తీసికొను చీటీలలో చేరు సోదరీమణులు, అందు నాణెము ఇత్తురో లేదో చూచుకొనవలెను. పెక్కుచోట్ల నగకు మాత్రమే వర్తించును, ఆ నగలో తరుగు, మజూరీ వారి యిష్టము. ఇక తాకట్టు సంగతి. నాణెములపై అప్పిచ్చునప్పుడు మనిషికి 50 గ్రాములకు మించరాదని రిజర్వు బ్యాంకువారి నియమము. ఆభరణములకు అంత చిన్న హద్దు లేదు. కనుక ఆపద్ధనమంతయు నాణెములుగనే పెట్టుకొనుట కూడ తెలివి కాదు. 50 గ్రాములు దాటిన పిమ్మట తక్కినది రాళ్లు, లక్క లేని రెండు పేటల గొలుసుగా ఉండుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి ఇంకను చెప్పలేదు. ఆ రసీదు ఎవరి పేరనున్నది? మనలో పలువురు తమ పుట్టింటివారిచ్చిన సొమ్ముతో కొని, రసీదు మాత్రము భర్త పేర వ్రాయింతురు. స్త్రీధనమును మనువు ఆరు విధములుగా చెప్పెను. మితాక్షర వ్రాసిన విజ్ఞానేశ్వరుడు దానిని విస్తరింపజేసెను. ఆ గ్రంథమును పదుమూడవ శతాబ్దముననే కేతన తెలిగించెను గనుక మన భాషలో ఈ మాట కొత్తది కాదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టపు 14వ విభాగము స్త్రీ చేతనున్న తన ఆస్తికి ఆమెయే పూర్ణస్వామిని యనెను. స్త్రీధనమును భర్త దాచియుంచినను అతడు దానికి కావలివాడు మాత్రమే యని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2024లో కేరళదేశపు స్త్రీ యొకతె 89 సవరనుల బంగారము కొరకు చేసిన వ్యాజ్యెమున, భర్త ఆమెకు 25 లక్షల రూపాయలు చెల్లింపవలెనని అదే న్యాయస్థానము ఆజ్ఞాపించెను. అదే యేట మన తెలంగాణమునుండి వచ్చిన మరియొక వ్యాజ్యెమున, కూతురు కోరనిదే ఆమె స్త్రీధనమును అడుగుటకు తండ్రికి కూడ హక్కు లేదనెను. భర్తకు లేదు, తండ్రికి లేదు, ఉన్నది ఆమెకే. అయితే న్యాయస్థానమున నిలుచునది కన్నీరు కాదు, రసీదు. ఆదాయపుపన్నువారు 1994లో ఇచ్చిన ఆదేశమున, సోదాలో వివాహిత స్త్రీకి 500 గ్రాముల వరకు, అవివాహితకు 250 గ్రాముల వరకు జప్తు చేయవలదనిరి. అది నగలకు చెప్పినది. నాణెములకు ఆ నీడ లేదు గనుక రసీదు మరింత అవసరము. మా వారు బడిపంతులు, ఈ వాక్యములు చదివి నవ్వి, "మన యింటి రసీదులు నీ పేరనే యున్నవి గదా, నన్నెందుకు ఊరివారి ముందు నిలబెట్టుదువు?" అనిరి. ఉన్నవి గనుకనే ధైర్యముగా వ్రాయుచున్నాను.

బ్యాంకు పెట్టెలో దాచువారు, పెట్టె తమ పేర నున్నదా, తరువాత ఎవరు తీయవలెనో వ్రాసియున్నదా యని చూచుకొనుడు. 2022 జనవరినుండి అమలులోనికి వచ్చిన నియమముల ప్రకారము బ్యాంకులో దొంగతనము, అగ్నిప్రమాదము, ఉద్యోగుల మోసము జరిగినచో బ్యాంకువారి బాధ్యత ఏటి అద్దెకు నూరురెట్ల వరకే. లోపల ఎంత యున్నదో వారికి తెలియదు గనుక దానిపై హామీ లేదు.

అమెరికాలోని కూతురికి అమ్మమ్మ కాసులపేరు పంపదలచిన తల్లులకు ఒక హెచ్చరిక. నూరు సంవత్సరములు నిండిన నాణెము 1972 నాటి చట్టము దృష్టిలో పురావస్తువు. దానిని దేశము దాటింపరాదు. 1918 నాటి సవరనుకు ఆ వయస్సు నిండినది. రాయల వరహా సంగతి చెప్పనక్కరలేదు. ఇంట ఉంచుకొనవచ్చును, మనుమరాలు సెలవులకు వచ్చినప్పుడు మెడలో వేసి మురియవచ్చును; ఆమె పెట్టెలో పెట్టి విమానము ఎక్కించుట మాత్రము కూడదు. పాతవానిని చింతపండు పెట్టి తోముటయు వలదు. నునుపుతోపాటు అక్షరములును పోవును.

వదిన ఆ పేరును ఏమి చేసినదని మీరడుగుదురు. లక్ష్మీకాసులు 36 లో పాతిక ఇచ్చి ఫీజు కట్టినది. పదునొకండును, మూడు సవరనులును ఉంచుకొన్నది. కొక్కెము పాడైపోయిన నాలుగవ సవరనును అమ్మి ఆ సొమ్ముతో గొలుసు బాగుచేయించినది. అమ్మినది 1918 నాటిది కాదు. వరహా కొక్కెమును మాత్రము ఊడదీయవద్దని నేను చెప్పితిని. అతుకు తీయబోయిన అంచు చెదరును, అదియు దాని చరిత్రలో భాగమే. దానిని చిన్న పట్టుగుడ్డలో చుట్టి వేరుగా నుంచినది. కూతురు సెలవులకు వచ్చి, ఆ అరిగిన యక్షరములు చదువుటకు రెండు దినములు కూర్చున్నదట.

నేను నూరు పుటల నోటుపుస్తకమొకటి పెట్టుకొన్నాను. దానిలో అయిదు గళ్లు గీసితిని: కొన్న తేది, తూకము, వన్నె, ఇచ్చిన సొమ్ము, ఎవరికొరకు. రసీదును ఆ పుటకే అంటించి, దాని ఛాయాచిత్రమును వేరొకచోట దాచుదును. మొదటి నాలుగు గళ్లు సిరాతో నింపుదును. అయిదవ గడిని పెన్సిలుతో వ్రాయుదును. పిల్లది ఏమి చదువుననునో, పిల్లవాడు ఏ యూరు పోదుననునో ఇప్పుడే తెలియదు గదా.